దేవుడి బొమ్మ, వ్యాపార ప్రకటన: అవమానం ఎక్కడ మొదలవుతుంది?

(తెరపై: గోడకు వేలాడుతున్న క్యాలెండర్. పైభాగంలో శ్రీ వేంకటేశ్వరస్వామి, కింద ఒక కిరాణా కొట్టు పేరు, ఫోన్ నంబరు.)

నమస్కారం. కొత్త సంవత్సరం వస్తోందంటే మనకు తెలిసిన కొట్టువారు ఇలాంటి క్యాలెండర్ ఒకటి చుట్టి చేతిలో పెడతారు. దానిని చాలామంది పూజగది గోడకే తగిలిస్తారు. ఏడాది గడిచి తేదీలకు పని లేకపోయినా, స్వామి బొమ్మ ఉన్నది కదా అని చించి పారేయడానికి మనసొప్పదు. ఇది కూడా వ్యాపార ప్రకటనే. అగరబత్తి పెట్టెల మీదా, బియ్యం బస్తాల మీదా దేవుళ్ల బొమ్మలు ఉంటాయి. దీపావళికి లక్ష్మీదేవి బొమ్మ ఉన్న బాంబులకే నిప్పు అంటిస్తాం. కాబట్టి దేవుడి రూపాన్ని వ్యాపారానికి వాడుకోవడమే అపచారమని ఎవరైనా అంటే, ఆ మాటను మన ఇళ్ల గోడలే ఒప్పుకోవు.

అయితే వాడుకోవడం వేరు, వెక్కిరించడం వేరు. ఒక మతం వారి నమ్మకాన్ని నవ్వులపాలు చేసి సరుకు అమ్ముకునే ప్రకటనను అభ్యంతరకరమైనదిగా పరిగణించాలా అన్నది ఈ వీడియోలో మనం చూడబోయే ప్రశ్న. పరిగణించాలనే నా అభిప్రాయం. కానీ ఆ తీర్పు చెప్పవలసింది పోలీసు స్టేషన్ కాదు, మేజిస్ట్రేట్ కోర్టు అంతకంటే కాదు. ఎందుకంటున్నానో అనంతపురం నుంచే మొదలుపెట్టి చెబుతాను.

(తెరపై: అనంతపురం కోర్టు ప్రాంగణం.)

2013 ఏప్రిల్‌లో ఒక ఆంగ్ల వాణిజ్య పత్రిక, అప్పటి భారత క్రికెట్ కెప్టెన్ మహేంద్ర సింగ్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో ముఖచిత్రంగా వేసింది. అనేక చేతులు, ఒక్కో చేతిలో ఆయన ప్రచారం చేసే ఒక్కో కంపెనీ వస్తువు. వాటిలో ఒక బూటు కూడా ఉంది. ఒక ఆటగాడి చేతిలోకి ఎన్ని కంపెనీల ఒప్పందాలు వచ్చి చేరాయో చెప్పడం ఆ బొమ్మ ఉద్దేశం. చూసినవారిలో కొందరికి అది చమత్కారంగా తోచింది, కొందరికి ఆ బూటు దగ్గరే మనసు చివుక్కుమన్నది. మనోభావాలు దెబ్బతిన్నాయంటూ అనంతపురంలో ఫిర్యాదు దాఖలైంది. కేసు నడిచి నడిచి, 2016 జనవరిలో అక్కడి కోర్టు ధోనీ మీద నాన్ బెయిలబుల్ వారెంట్ జారీ చేసేదాకా వెళ్లింది. బెంగళూరులో ఇదే బొమ్మ మీద పడిన మరో కేసును సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో కొట్టివేయగా, అనంతపురం కేసును 2017 ఏప్రిల్ 20న జస్టిస్ దీపక్ మిశ్రా నేతృత్వంలోని ధర్మాసనం కొట్టివేసింది.

ఆ తీర్పుకు ఆధారమైన సూత్రం అంతకు చాలా ముందే స్థిరపడింది. భారత శిక్షాస్మృతిలోని 295ఏ సెక్షన్ 1927లో, బ్రిటిష్ పాలనలో వచ్చింది. రాంజీలాల్ మోదీ కేసులో 1957లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సెక్షన్‌ను సమర్థిస్తూనే దాని హద్దును కూడా గీసింది. ఒక వర్గం మత భావాలను రెచ్చగొట్టాలని, కావాలని, దురుద్దేశంతో చేసిన అవమానమే దాని కిందికి వస్తుందనీ, తెలియకనో అజాగ్రత్తగానో చేసినది రాదనీ ఆ తీర్పు స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నేరం 299వ సెక్షన్‌గా కొనసాగుతోంది. గరిష్ఠంగా మూడేళ్ల జైలుశిక్ష ఉంది. అంటే ఒకరికి బాధ కలిగిందన్న ఒక్క విషయం నేరాన్ని రుజువు చేయదు. అయినా ఆ సూత్రం ఈ కేసుకు వర్తిస్తుందని తేలడానికి నాలుగేళ్లు పట్టింది, ఒక వారెంట్ జారీ అయింది, విషయం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఒక ముఖచిత్రం మంచి అభిరుచితో ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఇది దారి కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

(తెరపై: విందు బల్ల చుట్టూ అతిథులు, యానిమేషన్.)

మరి దారి ఏది? ఇందుకు ఆస్ట్రేలియాలో జరిగినది నిదానంగా చూడదగినది. 2017 సెప్టెంబరులో అక్కడి మాంసం, పశుసంపద సంస్థ గొర్రెపిల్ల మాంసం అమ్మకాల కోసం ఒక ప్రకటన విడుదల చేసింది. వేర్వేరు మతాలకు చెందిన దేవుళ్లు, ప్రవక్తలు ఒకే బల్ల దగ్గర విందు చేసుకుంటుంటారు. యేసు ఉన్నాడు, బుద్ధుడు ఉన్నాడు, గ్రీకు దేవతలు ఉన్నారు, వారి మధ్య వినాయకుడు కూడా కూర్చున్నాడు. ముస్లింల ప్రవక్తను మాత్రం తెరపై చూపకుండా, తాను రాలేకపోతున్నానని ఫోన్‌లో చెప్పినట్టు చిత్రించారు. అక్కడి హిందువులు పెద్ద సంఖ్యలో ఫిర్యాదు చేశారు, భారత హైకమిషన్ కూడా తన నిరసన తెలిపింది. వినాయక చవితికి కుడుములు, ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టే ఇళ్లలో పెరిగినవారికి ఆ బల్ల ఎలా కనిపించి ఉంటుందో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

అక్కడి ప్రకటనల ప్రమాణాల మండలి మొదట ఆ ఫిర్యాదులను తోసిపుచ్చింది. స్వతంత్ర సమీక్షకుల పరిశీలన తరువాత మండలి మళ్లీ కూర్చుని, అదే ఏడాది నవంబరులో తన నిర్ణయాన్ని మార్చుకుని, ప్రకటన నియమాలను అతిక్రమించిందని తేల్చింది. ఆ మండలికి జరిమానా వేసే అధికారం లేదు, ఎవరినీ అరెస్టు చేయించలేదు. ప్రకటన తప్పు అని పేరు పెట్టి చెప్పింది, అంతే. ఒక మతం వారి పట్టింపును ముందే ఎరిగి తెర వెనుక ఉంచిన ప్రకటనకర్తలు, మరో మతం వారి పట్టింపును మాత్రం మాంసం వడ్డించిన బల్ల ముందు కూర్చోబెట్టారు. నా దృష్టిలో అసలు దోషం ఆ తేడాలోనే ఉంది. వినాయకుణ్ణి చూపడం దోషం కాదు. ఆ దేవుణ్ణి కొలిచేవారి ఆచారానికి నేరుగా ఎదురుపడే పనికి ఆయనను వాడుకోవడమే దోషం.

అందుకు భిన్నమైన ఉదాహరణ లిథువేనియాలో ఉంది. 2012లో విల్నియస్ నగరంలో ఒక కంపెనీ దుస్తుల ప్రచారం కోసం, జీన్స్ వేసుకున్న పచ్చబొట్ల యువకుణ్ణి యేసులా, తెల్ల గౌను ధరించిన యువతిని మేరీమాతలా చూపుతూ హోర్డింగులు పెట్టింది. వాటి మీద రాసిన మాటలు, మనం అబ్బురపడినప్పుడు ‘దేవుడా’ అంటామే, అలాంటి నుడికారమే. ఆ దేశ అధికారులు 2,000 లిటాస్ (అప్పటి ఆ దేశ కరెన్సీ) జరిమానా విధించారు. 2018 జనవరి 30న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ జరిమానా భావప్రకటన స్వేచ్ఛకు భంగకరమని తీర్పు చెప్పింది. ఆ హోర్డింగుల్లో అకారణంగా కించపరచడం గానీ, ద్వేషాన్ని రెచ్చగొట్టడం గానీ కనిపించలేదని పేర్కొంది. ఈ తీర్పుతో నేను ఏకీభవిస్తాను. విశ్వాసి ఒకరు దానిని చూసి నొచ్చుకోవచ్చు, కానీ అక్కడ వెక్కిరింపుకు గురైన నమ్మకం ఏదీ లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. రాతిబొమ్మకు మొక్కడాన్ని నిలదీసిన పద్యాలను మనం బడిలో పిల్లలకు వల్లె వేయిస్తున్నాం కదా, ప్రకటనకు మాత్రం ఈ కట్టడి ఎందుకు అని. ఆ పద్యకారుడికి మతం గురించి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. దానిని ఖండించవచ్చు, వాదించవచ్చు. మాంసమో మంగలి దుకాణమో అమ్ముకునే ప్రకటనకు మతం గురించి చెప్పే మాటేమీ లేదు. జనం భక్తి నుంచి కాస్త దృష్టిని అరువు తెచ్చుకుని, దానిని అమ్మకంగా మార్చుకుంటుంది. పైగా పుస్తకాన్ని మనం ఎంచుకుని తెరుస్తాం. ప్రకటన మాత్రం అడగకుండానే ఇంట్లోకి వస్తుంది. విమర్శకుడికి ఇచ్చే స్వేచ్ఛంతా వ్యాపారికి ఇవ్వనక్కరలేదని అనేది ఇందుకే.

(తెరపై: పాత దినపత్రిక పేజీలో ఒక ప్రకటన, వివరాలు మసకగా.)

మన దేశంలో కూడా తగిన నియమాలు ఉన్నాయి. టీవీ ప్రకటనలు వీక్షకుల మత మనోభావాలను నొప్పించరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలు చెబుతున్నాయి. 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి కూడా జాతి, కులం, మతం ఆధారంగా ఎవరినీ ఎగతాళి చేయరాదంటుంది. ఇబ్బంది ఏమిటంటే, ఈ గడప తొక్కకముందే గొడవ వీధికెక్కుతోంది. 2017లో దసరా ముందు, దుర్గమ్మ కుటుంబం క్షౌరశాలకు వచ్చినట్టు వేసిన ఒక ప్రకటన మీద హైదరాబాద్‌లో పోలీసు కేసు నమోదైంది. సెలూన్ యజమాని జావేద్ హబీబ్ క్షమాపణ చెప్పారు. 2020 అక్టోబరులో నగల సంస్థ తనిష్క్ ప్రకటన విషయం మరీ బాధాకరం. ముస్లిం అత్తవారింట హిందూ కోడలికి సీమంతం చేస్తున్న దృశ్యం అది. అందులో ఎవరి నమ్మకాన్నీ వెక్కిరించలేదు, పైగా కోడలి ఆచారాన్ని అత్తగారు గౌరవిస్తున్నట్టే చూపారు. ఫిర్యాదులను పరిశీలించిన ప్రమాణాల మండలి అందులో తప్పేమీ లేదని ఏకగ్రీవంగా చెప్పింది. అయినా సోషల్ మీడియా ఒత్తిడికి కంపెనీ దానిని వెనక్కి తీసుకుంది.

ఏదైనా ప్రకటన మిమ్మల్ని నిజంగా నొప్పిస్తే ఆ మండలికి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. మనోభావాలు దెబ్బతిన్నాయని మాత్రమే రాసి వదిలేయకండి. ప్రకటన ఏ రోజు, ఎక్కడ కనిపించిందో, ఏ దృశ్యంలో ఏ మాట దగ్గర అభ్యంతరమో, అది మీరు పాటించే ఏ నమ్మకాన్ని ఏ విధంగా హేళన చేస్తోందో వివరంగా రాయండి.