పూస బెజ్జం నుంచి మొదలుపెడదాం

(మహిళల పూసల నగల శిక్షణ తరగతుల తొలిరోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పోయిన శ్రావణమాసంలో ఒక పెద్దావిడ మా ఇంటికొచ్చారు. కొంగున ముడేసుకున్న చిన్న మూట విప్పి బల్ల మీద పెట్టి, "నల్లపూసలు పెరిగాయమ్మాయ్" అన్నారు. మనలో తెగాయన్న మాట ఎవరూ అనరు కదా. సూత్రాలైనా, నల్లపూసలైనా, గాజులైనా పెరుగుతాయి, అంతే. మూటలో నల్లపూసలు, నాలుగు పగడాలు, నాలుగు ముత్యాలు, రెండు బంగారు గుండ్లు, వాటి మధ్య దారం ముక్కలు. ఏడాదిలో అది మూడోసారట. "ఏదైనా దోషమేమోనని పంతులుగారిని కూడా అడిగాను" అన్నారావిడ. ముఖంలో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నేను పూసలు ముట్టుకోలేదు. ముందు దారం కొసలు చూశాను. కొస పీచులు పీచులుగా ఉంటే దారం అరిగిందనో, చెమటకి నాని కుళ్లిందనో అర్థం. బ్లేడుతో కోసినట్టు ఉంటే ఏదో అంచు దాన్ని కోసిందని అర్థం. ఆవిడ తెచ్చిన దారం కోసినట్టే ఉంది. గుండ్లు రెండూ తీసి భూతద్దం కింద పెట్టాను. ఒక గుండు బెజ్జం దగ్గర బంగారం అంచు సన్నటి ముల్లులా లేచి ఉంది. కంటికి కనపడదు, వేలికి మాత్రం తగులుతుంది. మూడుసార్లూ దారాన్ని కోసింది అదే. చిన్న గుండ్రటి ఆకురాయితో ఆ అంచు నున్నగా రాసి, గుండు ఒరగకుండా అటొక పూస ఇటొక పూస ఆనించి గుచ్చి ఇచ్చాను. ఆవిడ వేలు పట్టుకుని ఆ అంచు మీద ముందు ఒకసారి, రాశాక ఒకసారి తిప్పి చూపించాను. ఆవిడ భయం నా మాటతో పోలేదు, ఆ వేలితో పోయింది.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. కొత్త నగలు చేస్తాను కానీ, నాకు పని నేర్పింది మాత్రం బాగుచేయమని నా దగ్గరికి వచ్చిన దండలే. అందుకే ఈ మొదటి రోజున మోడళ్ల గురించి, కలర్ కాంబినేషన్ల గురించి మాట్లాడను. బెజ్జం గురించి, దారం గురించి, ముడి గురించి మాట్లాడతాను. దండ మెళ్లో వేసుకున్నాక ఈ మూడూ ఎవరికీ కనపడవు. దండ పదేళ్లుంటుందా, పది రోజులుంటుందా అన్నది తేల్చేది మాత్రం ఇవే. ఏదైనా వివరంగా చెబితే పూసగుచ్చినట్టు చెప్పారంటాం. ఆ మాట వాడే మనలో చాలామంది పూసని గుచ్చేముందు ఒక్కసారి కూడా దాని బెజ్జంలోకి చూడరు.

పూసకి బెజ్జం ఎలా పడింది అన్నది ముందు తెలుసుకోవాలి. రుద్రాక్షకి పుట్టుకతోనే ఉంటుంది, నడిమి నుంచి సహజంగా దారి ఉంటుంది, మనం దాన్ని శుభ్రం చేసుకుంటాం అంతే. ముత్యానికి, పగడానికి, రాళ్లకి తొలవాలి. సాధారణంగా రెండు వైపుల నుంచీ తొలుస్తూ వచ్చి మధ్యలో కలుపుతారు. ఆ రెండు దారులూ సరిగ్గా ఎదురుపడకపోతే లోపల చిన్న మెట్టు మిగిలిపోతుంది. దారం ఆ మెట్టు మీద రోజూ రాసుకుంటుంది. ముత్యాల బెజ్జం మరీ సన్నగా ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. ముత్యాన్ని పూర్వం నుంచీ తూకానికి అమ్మేవారు. తొలిచినకొద్దీ బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే ధర తగ్గుతుంది. అందుకని ఎంత సన్నగా తొలిస్తే అంత లాభం. ఆ లాభం కోసం పడిన సన్నటి బెజ్జంలో ఇవాళ మనం దారం పట్టించలేక అవస్థ పడుతున్నాం.

ఇక గాజు పూస. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది మన ఇంటి సంగతి.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే వైపు, ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అని ఊరుంది. గాజు పూసలకి పేరుపడిన ఊరు. అక్కడ పూసల్ని ఒక్కొక్కటిగా చేయరు. కొలిమిలో కరిగిన గాజుని పెద్ద ముద్దగా ఒక పొడవాటి ఇనప గొట్టం చివర పోగేస్తారు. ఆ గొట్టం పేరు లాడా. గాజు ముద్ద మధ్యలో బోలు ఉండేలా సిద్ధం చేసి, దాన్ని మళ్లీ కొలిమిలోకి పెడతారు. అవతలి వైపున్న మనిషి కొక్కేనికి ఆ ముద్ద కొసని తగిలించి లాగుతాడు. అంతే, ముద్దలో ఉన్న బోలు కూడా దాంతోపాటే సాగుతుంది. వేలెడు లావు బోలు సాగి సాగి సూది దూరేంత సన్నమవుతుంది కానీ మూసుకుపోదు. ఆ మనిషి రెండు చేతులూ మార్చి మార్చి లాగుతూనే ఉంటాడు, గంటల తరబడి. వేగం తగ్గితే సాగివచ్చే గాజు గొట్టం లావవుతుంది, పెరిగితే సన్నమవుతుంది. అంటే మీ చేతిలో ఉన్న చిన్న పూస సైజు ఏ అచ్చు వల్లా వచ్చింది కాదు, ఒక మనిషి చేతి వేగం వల్ల వచ్చింది.

ఆ పొడవాటి గాజు గొట్టాల్ని పూసలంత ముక్కలుగా కోస్తారు. కోసిన ముక్క అంచులు పదునుగా ఉంటాయి, అలాగే గుచ్చితే ఆ పెద్దావిడ గుండు చేసిన పనే ఇవీ చేస్తాయి. వాటిని గుండ్రంగా చేయాలంటే మళ్లీ వేడిచేయాలి. వేడిచేస్తే గాజు మెత్తబడి బెజ్జం మూసుకుపోవాలి కదా? దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం బూడిద. ముక్కల్ని బూడిదలో కలిపి, బూడిద బెజ్జాల్లోకి పట్టేదాకా కలియబెట్టి, అప్పుడు వేడిచేస్తారు. బయటి అంచులు మెత్తబడి నున్నగా అవుతాయి. లోపల బూడిద ఉంది కాబట్టి బెజ్జం అలాగే నిలుస్తుంది, పూసకి పూస అంటుకోదు. చల్లారాక జల్లించి బూడిద తీసేస్తారు. నాకు తెలిసిన పనుల్లో ఇంత తెలివైన పని ఇంకోటి లేదు. ఖర్చు లేని వస్తువుతో, పొయ్యిలో రోజూ మిగిలేదానితో, గాజులో ఉన్న ఖాళీని కాపాడారు.

ఇలా లాగి చేసే పూసలు రెండువేల ఏళ్లకి పైబడిన పని. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఇలాంటివి పుష్కలంగా దొరికాయి. అటు ఆఫ్రికా దక్షిణం దాకా, ఇటు కొరియా, జపాన్ దాకా తవ్వకాల్లో ఇలాంటి చిన్న ఒంటిరంగు గాజు పూసలు బయటపడ్డాయి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు వీటికి ఇండో పసిఫిక్ పూసలని పేరుపెట్టాడు. ఆ పాత పూసలు ఎలా చేసి ఉంటారో అర్థం చేసుకోవడానికి ఆయన వచ్చి చూసింది పాపానాయుడుపేట కొలుముల్నే. తెలంగాణలో సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో శాతవాహనుల కాలపు ఊరు తవ్వినప్పుడు కూడా గాజువి, రాతివి, మట్టివి ఎన్నో పూసలు దొరికాయి. అక్కడ మ్యూజియం ఉంది, వీలైతే పిల్లల్ని తీసుకుని వెళ్లండి.

లాగి చేసిన పూసో, కడ్డీ చుట్టూ గాజు చుట్టి చేసిన పూసో మీరే చెప్పొచ్చు. భూతద్దం పెట్టండి. లోపల గాలి బుడగలుంటే అవి ఎటు సాగాయో చూడండి. బెజ్జం వెంబడి పొడుగ్గా సాగి ఉంటే లాగింది. బెజ్జం చుట్టూ తిరిగినట్టుంటే చుట్టింది. ఒకసారి ఇది మీ కంటికి అలవాటైతే ఇక ఏ పూసనీ ఊరికే పక్కన పెట్టలేరు.

చిన్నప్పుడు మా వీధిలోకి పూసలవాళ్లు వచ్చేవారు. పూసలు, పిన్నులు, దువ్వెనలు, సూదులు. ఆ కులానికి పేరే పూసల. ఆ మనిషి అరుగు మీద కూర్చుంటే మా అమ్మమ్మ డబ్బులిచ్చే ముందు నాలుగు పూసలు పళ్లతో పట్టి చూసేది, సూదితో బెజ్జం పొడిచి చూసేది. అది బేరం కోసం అనుకునేదాన్ని. కాదు, పరీక్ష.

దారం సంగతికొద్దాం. నూలుదారం చెమట పీల్చుకుని కుళ్లుతుంది, రోజూ వేసుకునేవాటికి వద్దు. పట్టుదారం మెత్తన, ముడి అందంగా కూర్చుంటుంది, కానీ సాగుతుంది. అందుకని గుచ్చబోయే ముందు రాత్రి దానికి ఒక తాళంచెవుల గుత్తి కట్టి మేకుకి వేలాడదీయండి. సాగాల్సింది ముందే సాగిపోతుంది. నైలాన్ గట్టిది, నల్లపూసలకి నేను అదే వాడతాను.

ఇప్పుడు అందరూ వాడేది గేర్ వైర్. సన్నటి స్టీలు తీగల మీద నైలాన్ పూత. బరువైన బీడ్స్‌కి, రాతి పూసలకి మంచిదే. దీనికి ముడి పడదు, గేర్ లాక్ అనే చిన్న రేకు గొట్టం వేసి ప్లయర్‌తో నొక్కాలి. ఇక్కడ నా జీవితంలో నేను మర్చిపోలేని సంగతి ఒకటి చెప్పాలి. పని మొదలుపెట్టిన మూడో ఏట ఒక పెళ్లికూతురికి మూడుపేటల హారం చేశాను. రిసెప్షన్‌లో, స్టేజీ మీద, అందరూ చూస్తుండగా ఒక పేట జారి పూసలన్నీ మెట్ల మీద దొర్లాయి. ఆ పిల్ల ఏడుపు మొహం ఇప్పటికీ కళ్లముందు ఉంది. తర్వాత ఆ లాక్‌ని తెచ్చి చూశాను. ఒక హోల్‌సేల్ షాపులో చవగ్గా దొరికాయని తెచ్చిన లాక్‌లు అవి, పలచటి రేకు. ఊడిపోతుందేమోనన్న భయంతో నేను బలమంతా పెట్టి నొక్కాను. రేకు పగిలింది. పగిలిన రేకు అంచు వైర్‌ని కోసింది. లాక్ చవకబారుదే, కాదనను. కానీ నొక్కిన చెయ్యి నాది, నొక్కాక పరీక్ష చేయకుండా డబ్బాలో పెట్టిన చెయ్యీ నాదే. డబ్బులు తిరిగిచ్చాను, హారం మళ్లీ చేసిచ్చాను, ఆ సాయంత్రాన్ని మాత్రం తిరిగివ్వలేకపోయాను.

అప్పట్నుంచి నా దగ్గర తయారైన ఏ నగైనా ఒక రాత్రి మేకుకి వేలాడాల్సిందే. లాక్ నొక్కాక రెండు చేతులా పట్టి ఒక్కసారి గట్టిగా లాగుతాను. ఊడితే నా బల్ల మీదే ఊడాలి. లాక్‌కీ మొదటి పూసకీ మధ్య వెంట్రుకంత సందు వదలండి. బిగించి లాగేస్తే దండ కర్రలా నిలబడుతుంది, వంగిన చోటల్లా వైర్ అలిసిపోతుంది.

ముత్యాలకి గేర్ వైర్ వాడొద్దు. ముత్యం మెత్తటిది, స్టీలు దాని బెజ్జాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ముత్యానికి పట్టుదారం, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి. ముడి ఎందుకంటే, ఒకదాన్నొకటి రాసుకోకుండా ఉంటాయి, దారం పోయినా ఒక్క ముత్యమే జారుతుంది. ముడి వేయడం ఇలా. ముత్యాన్ని జరిపాక దారంతో వదులుగా ఒక చుట్టు వేయండి. ఆ చుట్టులోకి సూది మొన దూర్చండి. సూదితోనే చుట్టుని జరుపుకుంటూ వచ్చి ముత్యం మీద ఆనించండి. దారం మెల్లగా బిగించండి, సూది తీయండి, చివరికి బొటనవేలి గోరుతో ఒక్క తోపు. ముడి ముత్యానికి అంటుకుని కూర్చోవాలి. సూది లేకుండా వేస్తే ముడి ఎక్కడ పడాలనుకుంటే అక్కడ పడుతుంది, ముత్యం అటూ ఇటూ కదులుతుంది. మొదటి యాభై ముడులూ మీకు కోపం తెప్పిస్తాయి. ఓపిక పట్టండి.

ఒక లెక్క కూడా రాసుకోండి. 16 అంగుళాల దండంటే సుమారు 40 సెంటీమీటర్లు. 6 మిల్లీమీటర్ల ముత్యాలైతే ముడుల్లేకుండా 66 పడతాయి. ఒక్కో ముడి ముప్పావు మిల్లీమీటరు అనుకుంటే అదే పొడవుకి 59 చాలు. కస్టమర్ 66 ముత్యాలు తెచ్చిస్తే, ముడులతో గుచ్చితే దండ పొడవు పెరుగుతుందని ముందే చెప్పండి. చెప్పకుండా ఏడు ముత్యాలు విడిగా తిరిగిచ్చారనుకోండి, కొట్టేసి ఇచ్చారేమోనన్న అనుమానం వస్తుంది. వాళ్లెదురుగా లెక్కపెట్టి, రాసిచ్చి, అప్పుడు పని మొదలుపెట్టండి.

రంగు పూసిన పూసల గురించి రెండే మాటలు. దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది ఒక పూసని రుద్దండి. రంగు దూదికి వస్తే అది పైపూత. అమ్మొద్దని అనను, పూతని పూత అని చెప్పి అమ్మండి. ముత్యాలకి, పగడాలకి మాత్రం ఈ పరీక్ష చేయకండి, పాడవుతాయి.

కూలి సంగతి. మెటీరియల్‌కి బిల్లు ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ అడగరు. మీరు వంచిన మెడకి, పెట్టిన కళ్లకి బిల్లుండదు, అక్కడే బేరం మొదలవుతుంది. ముడులతో ఒక ముత్యాల దండ గుచ్చడానికి నాకే రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్నీ కాగితం మీద విడిగా వేసి చూపించండి. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అని ఎవరైనా అంటే, మాట పెంచకుండా ఆ కాగితమే మళ్లీ చూపించండి. నేను అలా అడగడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మాటలు చాలు. మీ ముందు ఒక్కో తెల్లగుడ్డ, గిన్నెలో యాభై పూసలు, ఒక సూది పెట్టించాను. దారం ఇవాళ ఇవ్వడం లేదు. పూసల్ని గుడ్డ మీద పోయండి. ఒక్కోదాన్ని వెలుతురుకి ఎత్తి బెజ్జంలోంచి కిటికీ వైపు చూడండి. తర్వాత సూది మొనతో అంచు చుట్టూ తిప్పండి. ఎక్కడైనా గరగరమంటే ఆ పూసని ఎడమవైపు పెట్టండి. ఆ గిన్నెల్లో చెడ్డ పూసలు ఎన్ని కలిపానో నాకు తెలుసు, భోజనాల వేళకి మీ లెక్క చెప్పండి.