ఎవరూ వాడరనుకున్న కత్తి: అమెరికా సైన్యాన్ని కోసిన బడ్జెట్

నమస్కారం అండి. 2013 ఫిబ్రవరి 6. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, నార్ఫోక్ నౌకాస్థావరం. హ్యారీ ఎస్. ట్రూమన్ అనే విమాన వాహక నౌక ఇంకో రెండు రోజుల్లో పర్షియన్ గల్ఫ్‌కు బయలుదేరాలి. నెలల తరబడి సముద్రం మీద ఉండబోయేవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? అద్దె ఇల్లు ఖాళీ చేస్తారు, కారు ఎక్కడో భద్రంగా పెట్టిస్తారు, పిల్లలకు ఏదో ఒకటి చెప్పి ఒప్పిస్తారు. అదంతా అయ్యాక కబురొచ్చింది: ప్రయాణం వాయిదా. నౌకలో లోపం లేదు, గల్ఫ్‌లో గొడవలేమీ సద్దుమణగలేదు. రాబోయే నెలల్లో డబ్బులు సరిపోతాయో లేదోనన్న టెన్షన్, అంతే. గల్ఫ్ ప్రాంతంలో రెండు విమాన వాహక నౌకలు ఉండాల్సిన చోట ఒకదానితో సరిపెట్టారు. ట్రూమన్ చివరికి జులై 22న కదిలింది.

ప్రపంచంలో సైన్యం మీద అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే దేశానికి ఈ గతి ఎలా పట్టింది?

2011 వేసవికి వెళ్దాం. అమెరికా ప్రభుత్వం ఎంతవరకు అప్పు చేయొచ్చో చట్టంలో ఒక హద్దు ఉంటుంది. అప్పుడది నిండిపోయింది. పెంచకపోతే కట్టాల్సిన బాకీలు కూడా కట్టలేరు. అధ్యక్షుడు ఒబామా డెమొక్రాట్, ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతిలో ఉంది. ఖర్చు తగ్గిస్తేనే హద్దు పెంచుతామని వాళ్లు కూర్చున్నారు. లాగి లాగి ఆగస్టు 2న ఒప్పందం కుదిరింది. దాని పేరు బడ్జెట్ కంట్రోల్ యాక్ట్.

ఆ చట్టంలో ఒక చిత్రమైన ఏర్పాటు ఉంది. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు, మొత్తం 12 మందితో ఒక కమిటీ. పదేళ్లలో కనీసం 1.2 లక్షల కోట్ల డాలర్లు ఎలా మిగల్చాలో వాళ్లు నవంబర్ 23 లోపు తేల్చాలి. తేల్చకపోతే కోత దానంతట అదే పడుతుంది. సగం సైన్యం మీద, సగం మిగతా శాఖల మీద. సైన్యం జోలికొస్తే రిపబ్లికన్లకు మంట, చదువులు, పరిశోధన లాంటి వాటి జోలికొస్తే డెమొక్రాట్లకు మంట. ఇద్దరి మెడకూ ఒకే తాడు కడితే ఇద్దరూ బుద్ధిగా కూర్చుని మాట్లాడుకుంటారని ఆశ. అంటే ఈ కోత రాసిందే అమలు కాకూడదని! ఇంత దారుణంగా ఉంటే ఎవరూ దీన్ని పడనివ్వరు అనుకున్నారు.

నవంబర్ 21న, గడువుకు రెండు రోజుల ముందే, కమిటీ చేతులెత్తేసింది.

కోత 2013 జనవరి 2న మొదలవ్వాలి. ఆఖరి నిమిషంలో రెండు నెలలు జరిపారు. మార్చి 1న పడింది. దీన్నే సీక్వెస్ట్రేషన్ అంటారు. ఆ ఏడాదికి మొత్తం 8,500 కోట్ల డాలర్లు, అందులో పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, వాటా సుమారు 3,700 కోట్లు.

అసలు కిటుకు ఇక్కడుంది, కాస్త నిదానంగా చెప్తాను. అంకె చూస్తే పెద్దదే, కానీ ఆ సైన్యం తట్టుకోలేనంత పెద్దది కాదు. కోత పడ్డాక కూడా వాళ్ల రక్షణ బడ్జెట్ 2001 నాటికంటే చాలా ఎక్కువే. పెంటగాన్‌లో దుబారా ఉంది, కోయాల్సిందే అని వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కానీ ఎక్కడ కోయాలో ఎంచుకునే హక్కు ఈ చట్టం దాదాపు ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి పద్దు మీదా ఒకే శాతం. పనికొచ్చే పద్దు, పనికిరాని పద్దు అన్న తేడా లేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు.

దానికి తోడు సమయం. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. మార్చి నాటికి అయిదు నెలలు అయిపోయాయి. ఏడాది కోతంతా మిగిలిన ఏడు నెలల్లో సర్దాలి.

ఇప్పుడు మీరే పెంటగాన్‌లో లెక్కలు చూసే మనిషి అనుకోండి. సైనికుల జీతాలు ముట్టుకోకూడదు, వాటికి అధ్యక్షుడు మినహాయింపు ఇచ్చేశారు. యుద్ధవిమానాలకో నౌకలకో సంతకం పెట్టిన కాంట్రాక్టులు రాత్రికి రాత్రి ఆగవు. అఫ్గానిస్తాన్‌లో ఉన్నవాళ్లకు తక్కువ చేయలేరు. రేపటి నుంచే ఆపగలిగేది ఏంటి? శిక్షణ. విమానాలకు ఇంధనం. రిపేర్లు. నెలాఖరుకు డబ్బులు తక్కువైతే ఇంటి అద్దె ఆపం కదా, బండి సర్వీసింగ్ ఆపుతాం. బండి ఆ రోజు బాగానే నడుస్తుంది కూడా. పెంటగాన్ కోతలో సగానికి పైగా నిర్వహణ ఖర్చుల మీదే పడింది.

ఏప్రిల్ 9 నుంచి అమెరికా వైమానిక దళం 17 యుద్ధ స్క్వాడ్రన్లను, అంటే యుద్ధవిమానాల దళాలను, నేల మీద కూర్చోబెట్టింది. విమానాలున్నాయి, పైలట్లున్నారు, జీతాలు వస్తున్నాయి, ఎగరడం లేదు. ఫైటర్ పైలట్ నైపుణ్యం సంగీత సాధన లాంటిది, మానేస్తే పోతుంది. మళ్లీ పూర్తి స్థాయికి రావాలంటే రెండు మూడు నెలల శిక్షణ కావాలి. వాళ్లు మళ్లీ ఎగిరింది జులైలో.

అదే ఏప్రిల్‌లో ఇంకో ముచ్చట జరిగింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే మండిపోయే భాగం ఇదే. 21వ తేదీన పౌర విమానాల ట్రాఫిక్ కంట్రోలర్లకు కూడా కోత వల్ల జీతం లేని సెలవులు మొదలయ్యాయి. విమానాలు గంటల కొద్దీ లేటు. ఎయిర్‌పోర్టుల్లో జనం, జనంతో పాటు ఇళ్లకు బయలుదేరే ఎంపీలు. ఏళ్ల తరబడి ఏకం కాని పార్టీలు 26వ తేదీకల్లా చట్టం సవరించేశాయి. ఆరు రోజులు! స్క్వాడ్రన్లు మాత్రం అలాగే కూర్చున్నాయి. ఎగరని ఫైటర్ కోసం ఎయిర్‌పోర్టులో ఎవరూ క్యూ కట్టరు కదా.

జులై 8 నుంచి రక్షణ శాఖలోని సుమారు 6.5 లక్షల మంది సివిలియన్ ఉద్యోగులకు వారానికో రోజు జీతం లేని సెలవు. మొదట 22 రోజులన్నారు, తర్వాత 14, తర్వాత 11, చివరికి 6తో ఆపారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. వీళ్లెవరో గుమాస్తాలు అనుకోకండి. నౌకలు రిపేరు చేసేవాళ్లు, సైనిక ఆసుపత్రుల్లో నర్సులు, సైనికుల పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లు కూడా వీళ్లలో ఉన్నారు.

మయామీ అనే జలాంతర్గామి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 2012 మేలో మెయిన్ రాష్ట్రంలో రిపేరులో ఉండగా దానికి నిప్పంటుకుంది. పెట్టింది ఎవరో తెలుసా? అక్కడే పెయింటింగ్ పని చేసే ఒకతను. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు: పని నుంచి తొందరగా ఇంటికి పోవాలని. అతనికి 17 ఏళ్ల జైలుశిక్ష పడింది. నౌకాదళం మాత్రం జలాంతర్గామిని బాగుచేసి మళ్లీ సముద్రంలో దించాలనే అనుకుంది. తీరా ఖర్చు 70 కోట్ల డాలర్ల దాకా తేలింది. మామూలు రోజుల్లో ఎక్కడో ఓ చోట సర్దేవాళ్లేమో. కోతల కాలంలో అంత డబ్బు దీనికి పెడితే మిగతా నౌకల రిపేర్లు ఆగిపోతాయి. 2013 ఆగస్టులో దాన్ని వదిలేశారు.

ఆ తర్వాత కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చేసిన పనులు గబగబా చెప్పేస్తాను. 2013, 2015, 2018, 2019లో నాలుగుసార్లు ఒప్పందాలు చేసుకుని, ఏటా ఖర్చుకు 2011 చట్టం పెట్టిన పరిమితులు పెంచుకున్నారు. ఇంకో దొడ్డిదారి కూడా ఉంది. యుద్ధాల ఖర్చుకు వేరే ఖాతా, దానికి పరిమితి వర్తించదు. దాంతో యుద్ధంతో సంబంధం లేని మామూలు ఖర్చులు కూడా మెల్లగా అందులోకి జరిగాయి. పెళ్లి ఖర్చు లెక్కలో ఇంటి సున్నం ఖర్చు రాసేసినట్టు. 2017లో రక్షణ మంత్రి మాటిస్, మాజీ మెరైన్ జనరల్, యుద్ధభూమిలో ఏ శత్రువూ మన సైన్యం సన్నద్ధతను ఈ సీక్వెస్ట్రేషన్ అంత దెబ్బతీయలేదని కాంగ్రెస్ ముందే అన్నాడు. మాట కాస్త ఘాటే అనుకోండి, కానీ వింటున్నవాళ్లలో ఆ చట్టానికి ఓటేసినవాళ్లూ ఉన్నారు.

ఆ పరిమితుల గడువు 2021తో తీరిపోయింది. 2023లో మళ్లీ అప్పుల హద్దు నిండింది, మళ్లీ రాత్రింబవళ్లు బేరాలు. కొత్త చట్టంలో చిన్న అక్షరాల్లో ఓ షరతు: ఏడాది మొత్తానికి బడ్జెట్లు పాస్ చేయకపోతే 2024 ఏప్రిల్ 30 తర్వాత 1 శాతం కోత దానంతట అదే పడుతుంది. ఈసారి బడ్జెట్లు మార్చిలో పాసయ్యాయి, అదీ ఆర్నెల్లు ఆలస్యంగా.