నూట పన్నెండు ఓటములు: 1952 నాటి పిట్స్‌బర్గ్ పైరేట్స్

సభకు నమస్కారం.

పిట్స్‌బర్గ్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ ఊరి బేస్‌బాల్ చరిత్ర చెప్పమని నన్ను పిలిచినప్పుడు, నిర్వాహకులు బహుశా ప్రపంచ ఛాంపియన్లయిన 1960 గురించో, మన జట్టు మేటి ఆటగాడు రాబర్టో క్లెమెంటే గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. గెలుపుల సంగతి స్టేడియం బయట నిలబెట్టిన విగ్రహాలే చెబుతున్నాయి. నేను విగ్రహాలు లేని ఏడాదిని ఎంచుకున్నాను.

ఆ రోజుల్లో ఒక్కో జట్టు ఏడాదికి 154 ఆటలు ఆడేది. ఏప్రిల్ మధ్యలో మొదలుపెడితే సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆటే. బేస్‌బాల్‌లో ఎంత గొప్ప జట్టయినా మూడో వంతు ఆటలు ఓడుతుంది, ఎంత పేలవమైన జట్టయినా మూడో వంతు గెలుస్తుంది అని ఒక పాత మాట ఉంది. 1952లో ఈ ఊరి జట్టు పైరేట్స్ గెలిచినవి 42, ఓడినవి 112. ఆ మూడో వంతు కూడా దక్కలేదు. నేషనల్ లీగ్‌లోని ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. మొదటి స్థానంలోని బ్రూక్లిన్ డాడ్జర్స్ కంటే 54న్నర ఆటలు వెనక (గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం చేస్తే వచ్చే లెక్క ఇది). అది సరే, ఏడో స్థానంలోని బోస్టన్ బ్రేవ్స్ కంటే కూడా 22న్నర ఆటలు వెనకే! పైరేట్స్ క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) జో గరాజియోలా తర్వాత పేరున్న వ్యాఖ్యాత అయ్యాడు. ‘ఎనిమిది జట్ల లీగ్‌లో మాకు తొమ్మిదో స్థానం రావాల్సింది’ అని జీవితాంతం నవ్విస్తూ తిరిగాడు.

ఆ నవ్వుల చాటున ఒక కథ స్థిరపడిపోయింది. జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ 1952లో విత్తనాలు చల్లాడనీ, ఎనిమిదేళ్లకు, 1960లో, ఊరు పంట కోసుకుందనీ ఆ కథ. వినడానికి ఎంత బాగుంటుందో! ఓడినవాళ్లకు ఓదార్పు, ఆ ఓటములకు కారణమైనవాళ్లకు గౌరవం. ఈ కథలో సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం కప్పిపుచ్చిన సంగతులు చెప్పడానికే వచ్చాను.

రికీ సామాన్యుడు కాడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో ఉన్నప్పుడు, చిన్న ఊళ్ల జట్లను పెద్ద జట్టుకు అనుబంధంగా పెట్టుకుని అక్కడ కుర్రాళ్లను తయారుచేసే పద్ధతిని స్థిరపరిచింది ఆయనే. 1947లో జాకీ రాబిన్సన్‌ను బ్రూక్లిన్ జట్టులోకి తెచ్చి, నల్లజాతి ఆటగాళ్లకు అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ తలుపులు తెరిచిందీ ఆయనే. 1950 చివర్లో పిట్స్‌బర్గ్ వచ్చాడు. ఐదేళ్లలో జట్టును నిలబెడతానన్నాడు. అనుభవజ్ఞులను తగ్గించి, ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలను మైదానంలోకి దించాడు. బాబీ డెల్ గ్రెకో, టోనీ బార్టిరోమ్ ఈ ఊరి పిల్లలే. అప్పుడే కొరియా యుద్ధం. కాస్త పనికొస్తాడనుకున్న కుర్రాడిని సైన్యం పట్టుకుపోయేది. పిచర్ (బంతి విసిరేవాడు) వెర్న్ లా ఆ ఏడాదంతా సైన్యంలోనే ఉన్నాడు.

ఈ పిల్లలతో ఆడించాల్సిన మేనేజర్ బిల్లీ మేయర్. 1948లో ఉత్తమ మేనేజర్‌గా పేరు తెచ్చుకున్న మనిషి. అతిథుల వృత్తి ఏమిటో ఊహించే ‘వాట్స్ మై లైన్’ టీవీ కార్యక్రమానికి యూనిఫారం వేసుకుని వెళ్లినా మీరు ఏ వృత్తివాళ్లో ఎవరూ పోల్చుకోలేరని ఆటగాళ్లను తిట్టాడట. సీజన్ ముగియగానే తప్పుకున్నాడు. 1954లో జట్టు ఆయన చొక్కా మీది 1వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించింది. 112 ఓటముల మేనేజర్‌కు అంతటి మర్యాద చేసిన ఊరిని నేను ఎలా ప్రేమించకుండా ఉంటాను?

పిచర్ ముర్రీ డిక్సన్‌ది ఇంకో తమాషా. బేస్‌బాల్‌లో ప్రతి ఆట గెలుపునూ, ఓటమినీ ఒక్కో పిచర్ ఖాతాలో రాస్తారు. ఆయన 21 ఆటలు ఓడాడు, 14 గెలిచాడు. అంటే జట్టు గెలిచిన ప్రతి మూడు ఆటల్లో ఒకటి ఆయనదే.

నన్ను ఎక్కువగా వెంటాడేది రాన్ నెచ్చై. అప్పటికి పందొమ్మిదేళ్లవాడు. పైరేట్స్ అనుబంధ జట్టు బ్రిస్టల్ ట్విన్స్‌కు, అట్టడుగు స్థాయి అయిన క్లాస్ డి లీగ్‌లో బంతి విసిరేవాడు. 1952 మే 13న వెల్చ్ మైనర్స్‌తో ఆట. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఒక జట్టును ముగించాలంటే 27 మందిని ఔట్ చేయాలి. మామూలుగా అందులో ఎక్కువ మంది గాల్లో లేచిన బంతికో, నేలమీద దొర్లిన బంతికో ఫీల్డర్ల చేతుల్లో ఔటవుతారు. ఆ రాత్రి ఒక్కడు మాత్రమే నేల బంతికి ఔటయ్యాడు. మిగతా అందరినీ నెచ్చై స్ట్రైకౌట్ చేశాడు, అంటే ఫీల్డర్లతో పని లేకుండా మూడు స్ట్రైక్‌లతో తానే ఔట్ చేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ పట్టుకోలేకపోవడంతో ఒక బ్యాటర్ బతికిపోయి బేస్ చేరాడు. కాబట్టి ఆ ఇన్నింగ్స్‌లో నాలుగో స్ట్రైకౌట్ కావాల్సి వచ్చింది. మొత్తం 27. ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఇదంతా కడుపుపుండుతో బాధపడుతూ చేశాడు.

ఆగస్టులో ఆ పిల్లవాడిని పైరేట్స్‌లోకి తెచ్చారు. ఒకటి గెలిచాడు, ఆరు ఓడాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున ఏడు పరుగులకు పైగా ఇచ్చాడు. తర్వాత సైన్యం పిలిచింది, కడుపుపుండు చూసి వెనక్కి పంపింది. ఆ తర్వాత చేయి దెబ్బతింది. మేజర్ లీగ్‌లో మళ్లీ అడుగుపెట్టలేదు. అడుగు నుంచి నాలుగు నెలల్లోపు పై మెట్టుకు ఎక్కించడం విత్తనం చల్లడమా? జట్టుకు పిచర్లు కరువై, చేతికందినవాణ్ణి లాక్కొచ్చారని నాకనిపిస్తుంది.

ఇక ఎవరూ నవ్వుతూ చెప్పని విషయం. 1952 పైరేట్స్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. ఏ ఊళ్లో? నల్లజాతి లీగ్‌లలో మేటి జట్లయిన క్రాఫర్డ్స్, హోమ్‌స్టెడ్ గ్రేస్ ఆడిన ఊళ్లో. ఆ లీగ్‌ల మేటి బ్యాటర్ జోష్ గిబ్సన్ ఊళ్లో. గ్రేస్ జట్టు పైరేట్స్ మైదానమైన ఫోర్బ్స్ ఫీల్డ్‌నే అద్దెకు తీసుకుని ఆడేది. 54న్నర ఆటలు ముందున్న బ్రూక్లిన్‌లో ఆ ఏడు ఎవరున్నారు? రాబిన్సన్, రాయ్ కాంపనెల్లా, నల్లజాతి లీగ్‌ల నుంచే వచ్చి ఆ ఏడాది 15 ఆటలు గెలిచిన కొత్త పిచర్ జో బ్లాక్. ఆ జట్టుకు పునాది వేసింది రికీయే కదా! ఇక్కడ మాత్రం నల్లజాతి ఆటగాడు కర్ట్ రాబర్ట్స్ పైరేట్స్ తరఫున రెండో బేస్ దగ్గర నిలబడటానికి 1954 దాకా పట్టింది. రికీ పట్ల ఎంత గౌరవమున్నా, దీనికి కొరియా యుద్ధాన్ని కారణంగా చూపడం కుదరదు.

సరే, 1960 సంగతి చూద్దాం. అక్టోబర్ 13న, రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బిల్ మాజెరోస్కీ బంతిని గోడ దాటించి కొట్టిన హోమ్ రన్‌తో పైరేట్స్ 10–9 స్కోరుతో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్లయ్యారు. మన ఊళ్లోని ఓక్లాండ్ ప్రాంతంలో విశ్వవిద్యాలయం వైపు వెళితే ఫోర్బ్స్ ఫీల్డ్ ఇటుక గోడ కొంత భాగం ఇప్పటికీ ఉంది. ఏటా అదే తేదీన అభిమానులు అక్కడ చేరి ఆ ఆట రికార్డింగ్ వింటారు. మీరు కూడా వెళ్లండి, బాగుంటుంది. ఆ జట్టులో 1952 నాటివాళ్లు ప్రధానంగా ఇద్దరే. ఒకరు బాబ్ ఫ్రెండ్, 1952లో 7 గెలిచి 17 ఓడిన పిచర్. రెండోవారు డిక్ గ్రోట్, ఆ జూన్‌లో కళాశాల నుంచి నేరుగా జట్టులోకి వచ్చి, 1960లో లీగ్ ఉత్తమ ఆటగాడైనవాడు. కథలో సగం నిజం ఉందన్నది వీళ్లను చూసే. ఇంకో లాభం కూడా ఉంది. ఇతర జట్ల అనుబంధ జట్లలో రక్షణ లేకుండా మిగిలిన ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు చివరి స్థానంలో ఉన్నవాళ్లకు ముందు అవకాశం. 1954లో చివరి స్థానంలో ఉండబట్టే, బ్రూక్లిన్‌వాళ్లు తమ అనుబంధ జట్టు మాంట్రియల్‌లో దాచుకున్న క్లెమెంటే 4,000 డాలర్లకు మనకు దొరికాడు. అది 1952 ఓటముల ఫలం కాదు, మరో రెండేళ్లు ఓడిన ఫలం. అదృష్టం పాలు కూడా తక్కువేమీ కాదు.

1960లో సెంటర్ ఫీల్డ్‌లో ఆడిన బిల్ వర్డన్‌ను 1956లో ఎవరిని ఇచ్చి తెచ్చుకున్నారో తెలుసా? ఇచ్చిన ఇద్దరిలో ఒకడు మన డెల్ గ్రెకో. బార్టిరోమ్‌కైతే మేజర్ లీగ్‌లో ఆ ఒక్క ఏడాదే దక్కింది. తర్వాత చాలాకాలం పైరేట్స్ ట్రైనర్‌గా, గెలిచే ఆటగాళ్ల కండరాలకు మర్దన చేస్తూ గడిపాడు.

చివరగా రాల్ఫ్ కైనర్. 1946 నుంచి 1952 దాకా వరుసగా ఏడేళ్లు నేషనల్ లీగ్‌లో హోమ్ రన్‌లలో ఒంటరిగానో మరొకరితో సమానంగానో మొదటి స్థానం ఆయనదే. 1952లో కొట్టినవి 37. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కైనర్ బ్యాటింగ్ అయిపోతే సగం స్టాండ్లు ఖాళీ అయ్యేవని చెబుతారు, ఫలితం ఎలాగూ తెలిసిందే కాబట్టి. ఆ సీజన్ తర్వాత రికీ ఆయన జీతం తగ్గిస్తానన్నాడు. కైనర్ అభ్యంతరం చెబితే, ‘నువ్వుండి చివరి స్థానంలో నిలిచాం, నువ్వు లేకుండానూ చివరి స్థానంలో నిలవగలం’ అన్నాడట. కైనరే ఈ మాటను తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుని నవ్వాడు. అప్పట్లో రిజర్వ్ నిబంధన అని ఒకటుండేది. ఒప్పందం గడువు తీరినా ఆటగాడు ఆ యజమానికే చెందుతాడు, వేరే జట్టుతో బేరం ఆడే హక్కు లేదు. ఇచ్చింది తీసుకోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. కైనర్ ఇచ్చింది తీసుకున్నాడు. 1953 జూన్ 4న పది మంది ఆటగాళ్ల మార్పిడిలో ఆయన్ను, గరాజియోలాను షికాగో కబ్స్‌కు పంపేశారు.

రికీ అన్నట్టే అయింది. కైనర్ లేకుండానూ జట్టు చివరి స్థానంలోనే నిలిచింది, 1953, 1954, 1955 మూడేళ్లూ. ఆ మాటలో లేని లెక్క టికెట్ల కౌంటర్ దగ్గర తేలింది. 112 ఆటలు ఓడిన 1952లో ఫోర్బ్స్ ఫీల్డ్‌కు 6.86 లక్షల మంది వచ్చారు. కైనర్ వెళ్లిపోయాక, 1954లో, వచ్చింది 4.75 లక్షలు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. రిజర్వ్ నిబంధన గురించి అడిగితే మరీ సంతోషం.