ఎపిసోడ్ 41: న్యూట్లు, మార్కర్లు, సగం గుడ్ల గొడవ

కిరణ్: రికార్డ్ అవుతోంది అక్కా. ఇవాళ్టి టాపిక్, దగ్గరి చుట్టాలైన న్యూట్ జాతుల్ని విడదీసే జెనెటిక్ మార్కర్లు, అంటే డీఎన్‌ఏలోని ఆనవాళ్ళు.

సుధ: ముందు న్యూట్‌ని తెలుగులో ఏమంటారో చెప్పు.

కిరణ్: మొదలెట్టావా! మనవైపు లేనే లేవుగా, చూడాలంటే డార్జిలింగ్ కొండలదాకా పోవాలి. నీళ్ళబల్లి అనుకో.

సుధ: బల్లి కాదురా! కప్పల వైపు చుట్టం.

కిరణ్: సరే సరే. యూరప్‌లో ట్రిట్యూరస్ అని ఒక గుంపుంది, పక్కపక్క జాతులు ఎక్కడ కలిస్తే అక్కడ రెండు జాతుల కలగలుపు పిల్లలు, హైబ్రిడ్‌లు పుడతాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూసి తేల్చేద్దామంటే అది తల్లి నుంచే వస్తుందాయె, బాల్కన్స్‌లో మాసిడోనికస్ న్యూట్లలో పక్క జాతి ఇవాన్‌బురేషి మైటోకాండ్రియా దొరికింది, అంటే ఒంటిదొకటి ఇంటిపేరొకటి. అందుకే తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కణకేంద్రం డీఎన్‌ఏలోని ఆనవాళ్ళు, న్యూక్లియర్ మార్కర్లు కావాలి. కానీ జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, మనిషిదానికి చాలా రెట్లుంటుంది, ఎక్కువ భాగం మళ్ళీ మళ్ళీ వచ్చే రిపీట్లే, మొత్తం చదవాలంటే ఖర్చు. అందుకని జన్యువుల నకలైన ఆర్‌ఎన్‌ఏ చదివి జన్యువుల్ని ఏరి, ఓ 7,000 ముక్కలకి గాలాల్లాంటి బెయిట్లు చేశారు, అవి తగిలిన డీఎన్‌ఏనే చదువుతారు.

సుధ: అయిపోయిందా? మరి గుడ్లలో సగం చచ్చిపోతాయన్నావే?

కిరణ్: ఆ, ఒకటో క్రోమోజోమ్ రెండు రకాలు, 1ఏ, 1బీ. పిల్లకి రెండూ చెరొకటి వస్తేనే బతుకు. ఒకటే రకం రెండుసార్లొస్తే గుడ్డులోనే పోతుంది.

సుధ: ప్రతిసారీ సగమా? ఇంత నష్టం పెట్టుకుని ఏ జాతైనా నిలుస్తుందా? నువ్వేదో తప్పు చదివావు.

కిరణ్: ట్రిట్యూరస్ జాతులన్నిటిలోనూ ఇంతే అక్కా! ఆ బెయిట్లతోనే చచ్చిన పిండాల్ని చదివితే, 1ఏ రెండున్నవాటిలో 1బీకే పరిమితమైన జన్యువులు లేవు, 1బీ రెండున్నవాటిలో 1ఏవి లేవు.

సుధ: అయితే ఆ లోటుని ఎవోల్యూషన్ ఎందుకు కడిగెయ్యలేదు? ఒకదానిలో లేనిది ఇంకోదానిలోంచి తెచ్చుకోవచ్చుగా?

కిరణ్: ఆ రెండు రకాల మధ్య ముక్కలు మారవు. విడిపోయాక ఇక దారి మూసుకుపోయినట్టే.

సుధ: నేనొప్పుకోను.

కిరణ్: నువ్వొప్పుకోకపోతే న్యూట్లేం చేస్తాయి!

సుధ: ...తల్లి గుడ్లెలా పెడుతుంది?

కిరణ్: ఒక్కో గుడ్డూ విడిగా, వెనక కాళ్ళతో నీటి మొక్క ఆకు మడిచి అందులో పెడుతుంది. అలా రెండొందలు పైనే.

సుధ: అన్నీ అంత జాగ్రత్తగా చుట్టి... సగమా? ఛ.

కిరణ్: నువ్విలా డల్ అయితే ఎలా?

సుధ: ఏం లేదు. ఆకుమడుపు అందామా దీన్ని? తెలుగులో.

కిరణ్: అది విస్తరాకుల కొట్టు పేరులా ఉంది.

సుధ: నీ నీళ్ళబల్లి కన్నా నయం. ఆటో వచ్చింది, ఉంటా.