టేకు డ్రాకి డవ్‌టెయిల్: కొత్త గేజ్, రెండు కొత్త రంపాలు పట్టి చూద్దాం

నమస్కారం. హనుమకొండలో మా షెడ్డు నుంచి మాట్లాడుతున్నా. బయట వాన, పైన రేకులు. చప్పుడు వస్తే ఏమనుకోకండి.

ఈరోజు డవ్‌టెయిల్ జాయింట్. డ్రా మూలన రెండు పలకలు పావురం తోకలా విచ్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి చూడండి, అదే. ఇరవై ఏళ్లు లాగినా ముందు పలక ఊడి చేతికి రాదు. మేకుతో పని లేదు.

మూడు కొత్త పనిముట్లు తెప్పించా. జపాన్ డోజుకి రంపం, ఇత్తడి వీపున్న, అంటే పై అంచున ఇత్తడి పట్టీ ఉన్న డవ్‌టెయిల్ రంపం, చక్రం బ్లేడున్న మార్కింగ్ గేజ్, అంటే పలక అంచు నుంచి పెట్టిన కొలతకు గీత గీసే పనిముట్టు. అందరూ రంపం గురించే అడుగుతారు కానీ నేను గేజ్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతా.

మన పాత గేజ్‌లో మేకు మొన ఉంటుంది. నారకు అడ్డంగా గీస్తే అది కోయదు, చింపుతుంది. కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇదిగో, గీత పక్కన పీచు లేచింది. ఇప్పుడు ఇది చూడండి, చక్రం గీసింది. నార తెగి సన్నటి గాడి పడింది. ఉలి అంచు ఇక్కడ పెట్టి మెల్లగా జరిపితే తనంతట తనే గాడిలో పడి ఆగుతుంది. జాయింట్ బిగించాక బయటికి కనబడేది ఈ అంచే. ఇక్కడ పీచు లేస్తే ఎంత మంచి రంపంతో కోసినా సందు కనబడుతుంది. మొదటిసారి గట్టిగా నొక్కకండి, తేలిగ్గా రెండు మూడు సార్లు లాగండి. కొలత కూడా పలక మందం కంటే వెంట్రుకవాసి ఎక్కువ పెట్టండి. పిన్నుల, అంటే తోకల మధ్య దూరే రెండో పలక పళ్ల కొసలు కొంచెం బయటికి వస్తాయి, తర్వాత రందా పట్టి సాపు చేసుకోవచ్చు. తక్కువ పెట్టారా, పలక మొత్తం చెక్కుకుంటూ కూర్చోవాలి.

ఇక తోక పక్కల వాలు. మెత్తటి కర్రకు 6కి 1, అంటే ఆరు పాళ్ల పొడవుకు ఒక పాలు పక్కకు, గట్టి కర్రకు 8కి 1 అంటారు. టేకుకు నేను 8కి 1 పెడతా. మరీ ఎక్కువ వాలితే తోక కొసలు పెచ్చులుగా ఊడతాయి.

ఇప్పుడు రంపాలు. డోజుకి పళ్లు పిడి వైపు తిరిగి ఉంటాయి. లాగితేనే కోస్తుంది. లాగేటప్పుడు బ్లేడు బిగుసుకుని నిటారుగా ఉంటుంది, అందుకే అంత పల్చగా చేయగలిగారు. నా చేతికి ఇది వెంటనే అలవాటైంది. మా నాయిన నేల మీద కూర్చుని, పలకను కాలితో అదిమిపెట్టి కోసే చిన్న రంపం పళ్లు కూడా పిడి వైపే ఉండేవి. చిన్నప్పుడు నేర్చుకున్న లాగుడే ఇది.

అయితే ఒక మాట. డోజుకిలో ఎక్కువగా దొరికేవి నారకు అడ్డంగా కోసే పళ్లవి. డవ్‌టెయిల్‌లో మనం కోసేది నార వెంట. ఈ టేకులో అది కోస్తుంది కానీ నిదానంగా కోస్తుంది. ఇత్తడి వీపు రంపం పళ్లు నార వెంట కోతకే అరగదీసినవి. తోస్తుంటే వీపు బరువే పని చేస్తుంది, చేయి నొక్కక్కర్లేదు. ఇంకోటి, టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పదును తొందరగా పోతుంది. ఇత్తడి రంపాన్ని మూడు మూలల ఆకురాయితో ఇక్కడే పదును పెట్టుకుంటా. నా డోజుకి పళ్లు గట్టిపరిచినవి, ఆకురాయి పట్టదు. మొద్దుబారితే బ్లేడు మార్చాల్సిందే.

మొన్న మొదటి మూల చెడగొట్టా. గీత మీదే కోశా, రంపం మందమంతా తోకలోంచి పోయింది, జాయింట్ వదులైంది. అందుకే ఇప్పుడు తీసేసే వైపు పెన్సిల్‌తో అడ్డగీతలు కొట్టా. రంపం ఆ వైపే, గీత చెక్క మీద మిగలాలి. ఇలా.

మధ్య ముక్క తీయడానికి ఉలి. ముందు ఒక వైపు నుంచి సగం, తిప్పి ఇంకో వైపు నుంచి సగం. ఒకే వైపు నుంచి దిగితే అవతల పెచ్చు లేస్తుంది.

కలిపి చూద్దాం. కొయ్య సుత్తితో కొడుతున్నా, చప్పుడు వినండి. మొదట బోలుగా ఉంది... ఇప్పుడు గట్టిపడింది, అంటే అడుగుకు ఆనింది. గేజ్ గీత దగ్గర గోరు కూడా దూరట్లేదు.

మిగతా మూడు మూలలూ ఇత్తడి రంపంతోనే కోస్తా. జిగురు మాత్రం ఈరోజు రాయను, ఈ వాన తగ్గి చెక్కలో చెమ్మ ఆరాక రాస్తా.