పద్దు ఓడితే ఎవరి కుర్చీ పోవాలి?

సభకు నమస్కారం. గ్రంథాలయం వారు బయట బోర్డు మీద "అమెరికా అప్పులు" అని రాయించారు. అప్పు ఎంత పెరిగిందో ఫోన్ తీస్తే తెలుస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఆ అప్పు చుట్టూ రెండు పార్టీలు వేసుకుంటున్న పీటముడి గురించి.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి అక్కడ కొడుకో కోడలో, మేనల్లుడో ఉన్నారు. 2025 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం మూతపడ్డప్పుడు కొన్ని ఇళ్లకు ఆ కబురు టీవీ కంటే ముందు ఫోన్లోనే వచ్చి ఉంటుంది: "నాన్నా, ఎల్‌సీఏలు ఆగిపోయాయి, కంపెనీ మారడం ఇప్పట్లో కుదరదు" అని. హెచ్-1బీ దరఖాస్తు పెట్టాలంటే ముందుగా లేబర్ శాఖ ఆమోదించాల్సిన కాగితం అది. ఆ శాఖకు పైసా మంజూరు కాలేదు, కాగితాలు చూసే ఉద్యోగి ఇంట్లో కూర్చున్నాడు. ఆ నెలాఖరుకు అక్కడ పని మళ్లీ మొదలైంది గానీ షట్‌డౌన్ మాత్రం 43 రోజులు సాగింది.

తగువు దేని మీద? ఆరోగ్య బీమా ప్రీమియంల మీద ఇస్తున్న అదనపు రాయితీని పొడిగిస్తేనే ఓటేస్తామన్నారు డెమొక్రాట్లు. ముందు ఆఫీసులు తెరవనివ్వండి, ఆ సంగతి తర్వాత అన్నారు రిపబ్లికన్లు. బిల్లు ముందుకు కదలాలంటే సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, రిపబ్లికన్లకున్నవి 53.

ఇది ఖర్చుకు అనుమతి దొరకని గొడవ. అప్పుకు అనుమతి దొరకని గొడవ వేరే ఉంది. చాలామంది రెంటినీ కలిపేస్తారు. నిజానికి రెండోదే ప్రమాదం. మొదటి దానిలో ఆఫీసు మూతపడుతుంది. రెండోది ముదిరితే ఇదివరకే తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టడానికీ చేతిలో డబ్బుండదు.

అప్పు ఇంతకు మించకూడదన్న ఈ పరిమితి 1917లో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధానికి డబ్బు కావాలి. ప్రతి బాండుకూ కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, గడప తొక్కే పని లేకుండా ఖజానాకు వెసులుబాటు ఇద్దామని చట్టం చేశారు. 1939లో మొత్తం అప్పుకు ఒకే హద్దు గీశారు. వెసులుబాటు కోసం కట్టిన తాడే తర్వాత మెడకు చుట్టుకుంది. ఖర్చులు ఆమోదించేది కాంగ్రెస్సే, పన్నులు వేసేదీ అదే. రెంటి మధ్య తేడా ఎంతో ఐదో తరగతి పిల్లాడు లెక్కగట్టగలడు. ఆ తేడాకు అప్పు తేవచ్చా అని మళ్లీ ఆ కాంగ్రెస్‌నే అడగాలి. పెళ్లి భోజనాలయ్యాక, వంటవాళ్లకు డబ్బివ్వాలా వద్దా అని వియ్యాలవారు పంచాయితీ పెట్టుకున్నట్టు!

2011 చూడండి. పరిమితి 14.3 లక్షల కోట్ల డాలర్లు, అది నిండిపోయింది. అధ్యక్షుడు ఒబామా, ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్ నెలల తరబడి బేరాలాడారు. గడువు ఆగస్టు 2. పరిమితి పెంచే బిల్లు మీద సంతకం పడిందీ ఆ రోజే. మూడు రోజులకు, అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అమెరికా రేటింగ్‌ను ఒక మెట్టు దించింది. వింతేమిటంటే, బెదిరిన మదుపరులు పరుగెత్తింది ఆ అమెరికా బాండ్ల దగ్గరకే! అయినా ఈ నాటకం ఉచితంగా రాలేదు. ఆ ఒక్క ఏడాదే అప్పు ఖర్చు సుమారు 130 కోట్ల డాలర్లు పెరిగిందని వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. ఒప్పందంలో ఒక మెలిక కూడా పెట్టారు: 12 మంది సభ్యుల కమిటీ పొదుపు మార్గం చూపకపోతే గుడ్డికోతలు పడతాయి. ఎవరికీ ఇష్టంలేని కోత గనుక భయపడి రాజీకొస్తారనుకున్నారు. రాజీ కుదరలేదు, 2013 మార్చిలో కోత పడింది.

రిపబ్లికన్లే మొండివాళ్లని అనుకోకండి. 2006లో సెనేటర్‌గా ఉన్న ఇదే ఒబామా పరిమితి పెంచడానికి వ్యతిరేకంగా ఓటేశారు. అధ్యక్షుడయ్యాక అది తప్పేనని ఒప్పుకున్నారు.

మరి మన దగ్గర ఎందుకు మూతపడదు? మన నాయకులు మంచివాళ్లై కాదు లెండి. ఇక్కడ లోక్‌సభలో పద్దు ఓడితే ప్రభుత్వమే దిగిపోవాలి. అక్కడ ఎవరూ దిగరు. అధ్యక్షుడికి నాలుగేళ్లు ఖాయం, కాంగ్రెస్ సభ్యులకు షట్‌డౌన్‌లోనూ జీతం ఖాయం. జీతం ఆగేది గుమస్తాకు. పర్మనెంటు ఉద్యోగికి తర్వాతైనా బకాయి ఇవ్వాలని 2019లో చట్టం వచ్చింది, కాంట్రాక్టు మనిషికి ఆ భరోసా లేదు. అసలు షట్‌డౌన్ అన్నది వాళ్ల రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1980లో అటార్నీ జనరల్ సివిలెట్టి ఒక పాత చట్టానికి చెప్పిన భాష్యంతో మొదలైంది. అంతకుముందు మంజూరు ఆలస్యమైనా ఆఫీసులు నడిచేవి.

1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన బాలయోగి గారు. పడిపోయిన ప్రభుత్వం పెట్టిన బడ్జెట్‌నే కొద్ది రోజుల్లో చర్చ లేకుండా ఆమోదించి, ఆ తర్వాత ఎన్నికలకు వెళ్లారు. పాలన ఒక్కరోజూ ఆగలేదు.

"చర్చ లేకుండా" అన్న మాట వదిలేయకండి, మన జబ్బు అక్కడే ఉంది. 2018 మార్చిలో లోక్‌సభలో నినాదాలిస్తున్నవారిలో మన ఎంపీలూ ఉన్నారు: ప్రత్యేక హోదా కోసం టీడీపీ, వైసీపీ; రిజర్వేషన్ల కోసం టీఆర్ఎస్. ఆ గోలలోనే 24 లక్షల కోట్ల బడ్జెట్ అరగంటలో గిలటిన్ అయిపోయింది, అంటే చర్చించని పద్దులన్నీ కలిపి ఒక్కసారిగా ఓటుకు పెట్టేశారు. అమెరికా వాళ్లు లెక్కకు మించి కొట్లాడతారు, మనం లెక్కే చూడం. నన్నడిగితే, రెండు వారాలు కొట్లాడినా ఫర్వాలేదు, పద్దులు చదివితే చాలంటాను.

మన దగ్గర అప్పు ముడి ఢిల్లీకీ రాష్ట్రాలకూ మధ్య పడుతోంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే మన రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం కేంద్రం ఒప్పుకోవాలి. ఆ హద్దు ఎంతవరకని కేరళ సుప్రీంకోర్టుకెక్కింది. 2024 ఏప్రిల్‌లో ఆ కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. అమరావతికీ హైదరాబాద్‌కూ వర్తించే ప్రశ్నే అది. దాని మీద ఎవరైనా అడుగుతారనే రెండు కాగితాలు రాసుకొచ్చాను. టీ వచ్చేలోగా అడగండి.