బడిలో స్టార్లు, చాక్లెట్లు: ఎప్పుడు పనిచేస్తాయి, ఎప్పుడు బెడిసికొడతాయి?

[తెరపై: మూడో తరగతి గోడ. డ్రాయింగ్ షీటు మీద పిల్లల పేర్లు, ఎదురుగా అంటించిన స్టార్లు.]

నమస్తే. ఇలాంటి చార్టు మీ ఊరి బళ్లోనూ చూసే ఉంటారు. బుద్ధిగా కూర్చుంటే ఒక స్టారు, హోంవర్కు చేస్తే ఒకటి, రోజూ బడికొస్తే ఇంకొకటి. నెలాఖరుకి ఎక్కువ స్టార్లు వచ్చినవాళ్లకి పెన్సిలో, రబ్బరో.

ఈ చార్టు పెట్టిన టీచర్లంటే నాకు గౌరవం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోబెట్టుకుని, బెత్తం లేకుండా గోల అదుపు చేయడం చిన్న పని కాదు. అయితే ఈ చార్టులో కింది వరసలు కూడా చూడండి.

[క్లోజప్: ఒక పాప పేరు. దసరా దాకా స్టార్లు. తర్వాత నెలల తరబడి గడులు ఖాళీ.]

ఈ పాప అల్లరి చేయలేదు, బడి ఎగ్గొట్టలేదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. ఇంట్లోవాళ్లు సుగ్గికి, అంటే కోతల కూలికి వలస పోయారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. ఊళ్లో చూసుకునే అవ్వ ఉంటే పిల్ల ఇక్కడే ఉంటుంది. లేకపోతే అమ్మానాన్నల వెంట పోవాల్సిందే. తిరిగొచ్చి తలెత్తి చూస్తే పక్కవాళ్ల వరసలు నిండుగా, తన వరస బోసిగా. హాజరుకి ఇచ్చే స్టారు ఆ పిల్ల నడవడికకి పడటం లేదు, ఇంటి పరిస్థితికి పడుతోంది. నన్నడిగితే ఆ స్టారు ఈరోజే తీసేయాలి. తిరిగొచ్చిన పిల్లకి కావాల్సింది "వచ్చినావా తల్లీ, రా, ఇక్కడ కూర్చో" అనే మాట, పోయిన పాఠాలు చెప్పే మనిషి.

[తెరపై: స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేస్తున్న పిల్లలు.]

ఇప్పుడు అసలు చిక్కు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక పరిశోధన ప్రచురించారు. బొమ్మలంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకుని, కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక, ఏ బహుమతీ లేనప్పుడు, ముందే మాట తీసుకున్న పిల్లలు బొమ్మల మీద గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. ఇష్టంగా చేసే పని కాస్తా కూలి పని అయిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో మాత్రం ఆ నష్టం కనిపించలేదు.

అందుకే, కథల పుస్తకం తనంతట తాను తీసి చదివే పిల్లాడికి చదివినందుకు చాక్లెట్ ఆశ పెట్టకండి. చెప్పులు వరసగా విడవడం, అన్నం తిన్న ప్లేటు కడిగిపెట్టడం లాంటి, ఎవరికీ పెద్దగా సరదా లేని పనులకి మొదట్లో స్టారు పెడితే ఫరవాలేదు.

మరి గోల సంగతి? 1969లో అమెరికాలోని కాన్సాస్‌లో ఒక నాలుగో తరగతిలో ఆట పెట్టారు. క్లాసుని రెండు జట్లు చేశారు. ఎవరైనా నియమం తప్పితే బోర్డు మీద ఆ జట్టుకి ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలుస్తుంది. గీతలు హద్దు దాటకపోతే రెండు జట్లూ గెలిచినట్టే. నాకు నచ్చింది ఆ చివరి నియమం. బహుమతి కూడా డబ్బుతో పనిలేనిది: అన్నానికి ముందు వరసలో నిలబడటం, చివర్లో కాసేపు ఖాళీ సమయం. మన బళ్లో అయితే సాయంత్రం ఖోఖోకి ఇంకో పది నిమిషాలు చాలు. అయితే ఒక్కడి వల్ల జట్టంతా ఓడితే వాడి మీద పడతారు, అది కనిపెట్టుకుని ఉండాలి.

[తెరపై: రాగి జావ గ్లాసులతో పిల్లల వరస. టీచర్ ఒకడి దగ్గర వంగి మాట్లాడుతున్నారు.]

"గుడ్ బాయ్" అంటే వాడికి ఏం అర్థమవుతుంది? అదే, "వెనకున్న చిన్నోడికి నీ గ్లాసు ఇచ్చినావు, నేను చూసినాను" అనండి. ఏం చేస్తే మెచ్చుకున్నారో వాడికి తెలుస్తుంది. అందరి ముందూ అననక్కర్లేదు.

ఇంకొక్క మాట. సంపాదించుకున్న స్టారుని ఉదయం ఇచ్చి, మధ్యాహ్నం అల్లరి చేశాడని పీకేయకండి. ఉదయం చేసిన మంచి పని ఉదయమే అయిపోయింది. అల్లరి సంగతి వేరే మాట్లాడండి. ఇప్పటికే చార్టు నడుపుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు. రోజూ ఇచ్చేది రెండు రోజులకోసారి, తర్వాత శనివారం మాత్రమే. మాటతో మెచ్చుకోవడం మాత్రం తగ్గించకండి. పేర్ల చార్టు బదులు క్లాసుకంతా కలిపి ఒకే చార్టు పెట్టి చూడండి. ఎలా నడిచిందో కింద రాయండి, ముఖ్యంగా సుగ్గి నుంచి పిల్లలు తిరిగొచ్చే బళ్లలో.